టూల్ బ్యాగు నిండా సామాను, అవసరానికి ఒక్కటీ చేతికి రాలేదు. ఏం ఉంచాలి, ఏం తీసేయాలి?

బెజవాడ_101
ఫైర్‌మ్యాన్‌గా చేరి పద్నాలుగు నెలలు. ట్రైనింగ్ అవ్వగానే మొదటి జీతంతో ముచ్చటపడి పెద్ద నైలాన్ టూల్ బ్యాగు కొనుక్కున్నాను. పన్నెండు అరలు, భుజానికి పట్టీ. నెలకొకటి రెండు చొప్పున నింపుకుంటూ వచ్చాను. స్క్రూడ్రైవర్ సెట్టు, కటింగ్ ప్లేయర్, పైప్ రెంచి, హ్యాక్‌సా, సుత్తి, మూడు టార్చిలు, చాకు, పసుపు ప్లాస్టిక్ తాడు ఇరవై మీటర్లు, ఇంకా ఏవేవో. ఇంట్లో తూకం వేస్తే పదకొండున్నర కిలోలు వచ్చింది.

మొన్న రాత్రి రెండున్నరకి బట్టల షాపు కాల్. షట్టర్ సగమే లేచింది, కింద నుంచి పాక్కుంటూ వెళ్ళాం. లోపల ఫాల్స్ సీలింగ్ ఊడిపడి, దాని సన్న తీగలు, వైర్లు అన్నీ కిందికి వేలాడుతున్నాయి. ఒక తీగ నా వెనక బీఏ సెట్టు (పొగలో పీల్చుకోవడానికి వీపున మోసే గాలి సిలిండర్) వాల్వుకి చుట్టుకుంది. ముందుకి రాదు, వెనక్కి రాదు. నా కటింగ్ ప్లేయర్ ఎక్కడుంది? బండిలో, బ్యాగులో, నాలుగో అరలో. వెనకున్న సీనియర్ అన్న తన కోటు జేబులోంచి చిన్న ప్లేయర్ తీసి రెండు కోతల్లో విడిపించాడు. బయటికొచ్చాక ఆయన ఏమీ అనలేదు. నాకే నిద్ర పట్టలేదు.

అసలు సొంత బ్యాగు అవసరమా? అవసరమైతే ఏముండాలి, ఎక్కడుండాలి? లోపలికి వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి.

బీటెక్_ఫైర్_4వ_సెమ్
అన్నా, అమెరికా ఫైర్‌ఫైటర్ల వీడియోల్లో చూశాను, వాళ్ళు జేబుల్లో డోర్ చాక్స్ (తలుపు మూసుకోకుండా పెట్టే ముక్కలు), వైర్ కట్టర్లు, వెబ్బింగ్ (పట్టీ తాడు), స్పానర్ రెంచి పెట్టుకుంటారు. చేతిలో తలుపులు పెకిలించే హ్యాలిగన్ బార్. దాన్ని న్యూయార్క్ ఫైర్ ఆఫీసర్ హ్యూ హ్యాలిగన్ 1948లో తయారు చేశాడు. ఇవన్నీ ఆన్‌లైన్లో దొరుకుతున్నాయి.

పంపు_డ్రైవర్
స్పానర్ రెంచి కొనకు తమ్ముడూ. అక్కడి హోసులు మరతో బిగించేవి, వాటికి కావాలి. మన డెలివరీ హోసులకి ఉండేవి 63 ఎంఎం ఇన్‌స్టంటేనియస్ కప్లింగులు. తోస్తే పడతాయి, పక్కనుండే లగ్గులు (చెవులు) లాగితే ఊడతాయి. స్పానర్ పని పడేది నీళ్ళు పంపులోకి లాగే సక్షన్ హోసుకి, అది నా బండిలో ఎప్పుడూ ఉంటుంది. వీడియోలు చూడటం తప్పు కాదు, కానీ ముందు మన బండి ఎక్కి ప్రతి పెట్టె తెరిచి చూడు. బండిలో ఉన్నదాన్నే మళ్ళీ భుజాన మోసేవాళ్ళని చాలామందిని చూశాను.

ఓరుగల్లు_లీడింగ్
ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసు చేసి రిటైర్ అయ్యాను, కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదువు తమ్మీ.

నీ బ్యాగులో సామాను ఎక్కువై ఇబ్బంది రాలేదు. ఒంటి మీద ఉండాల్సింది, బండిలో ఉండాల్సింది రెండూ ఒకే సంచిలో కలిపావు, అదీ తప్పు. పొగలోకి వెళ్ళాక బండి నలభై అడుగుల దూరంలో ఉన్నా నలభై మైళ్ళ దూరంలో ఉన్నట్టే. నీ ఒంటి మీద ఉన్నదే నీది.

ఒంటి మీద నేను ఐదే పెట్టుకునేవాణ్ణి. ఒక చిన్న కటింగ్ ప్లేయర్, తలుపు మూసుకోకుండా పెట్టే రెండు చెక్క ముక్కలు, నడుము దగ్గర ఆరు మీటర్ల పట్టీ తాడు, ఛాతీ మీద టార్చి, ఒక లావు మైనపు క్రేయాన్. అంతే. కత్తి పెట్టుకునేవాణ్ణి కాదు. గ్లౌజు వేసుకున్న చేత్తో, కళ్ళు కనపడని చోట, తెరిచిన కత్తి పట్టుకుంటే మన హోసూ మన చేతులే తెగుతాయి. పట్టీ కోయాలంటే లోపలికి బ్లేడు దాగి ఉండే కొక్కెం లాంటి కట్టర్లు వచ్చాయి, అవి మంచివి.

అన్నిటికంటే ముఖ్యం ఏ జేబు అన్నది. బీఏ సెట్టు నడుము బెల్టు బిగించాక కోటు కింది జేబులు మూసుకుపోతాయి, ఇది చాలామందికి లోపలికి వెళ్ళాకే తెలుస్తుంది. పూర్తిగా కట్టుకున్నాక ఏ జేబులోకి చెయ్యి పోతుందో చూసుకుని, ప్లేయర్ అక్కడ పెట్టు. వాటం చెయ్యి ఇరుక్కుంటే రెండో చేత్తో తీయగలగాలి. నేనైతే ఎడమ ఛాతీ జేబులో నిలువుగా, పిడులు పైకి వచ్చేట్టు పెట్టేవాణ్ణి. పిడికి చిన్న తాడు ముడి, గ్లౌజు వేళ్ళకి తగలడానికి.

తర్వాత స్టేషన్లో ఖాళీ ఉన్నప్పుడు మాస్కు మీద హుడ్ తిప్పి కప్పుకో, ఏమీ కనపడదు. పక్కనున్నవాణ్ణి ఒక్కొక్కటీ పేరు చెప్పమను. పది సెకన్లలో చేతికి రాకపోతే దాని చోటు తప్పు, మార్చు. మార్చాక మళ్ళీ కదపకు. ఇరవై ఎనిమిదేళ్ళలో నా ప్లేయర్ జేబు మారలేదు.

చార్మినార్_ఫైర్
లీడింగ్ సార్ చెప్పిన చెక్క ముక్కల గురించి ఒక మాట. అందరూ తలుపు కింద పెడతారు. హోసు లాగేటప్పుడు అది తన్నుకుపోతుంది, తలుపు మూసుకుని హోసు నొక్కుకుంటుంది. బందు పక్కన, పై బందుకి కాస్త మీద, తలుపుకీ ఫ్రేముకీ మధ్య దూర్చండి. ఎవరి కాలూ తగలదు. వడ్రంగి దగ్గర టేకు ముక్కలు ఊరికే ఇస్తాడు, ఒకవైపు పల్చగా చెక్కించుకుంటే చాలు.

పాతబస్తీలో డ్యూటీ చేసినవాళ్ళకి పెద్ద బ్యాగు సంగతి చెప్పక్కర్లేదు. 2025 మే 18న గుల్జార్ హౌస్ దగ్గర 17 మంది చనిపోయిన ఇంటికి సొరంగంలాంటి దారి, ఒక్కటే ఇరుకు మెట్లు. అలాంటి ఇళ్ళు చుట్టుపక్కల ఇంకా ఎన్నో. బీఏ సెట్టుతో ఒక మనిషి ఎక్కుతుంటే ఎదురుగా ఇంకొకరు దిగలేని చోట, భుజానికి బ్యాగు వేలాడితే వెనకవాడి దారి కూడా మూసినట్టే.

లైన్‌మ్యాన్_గోదారి
నేను ఫైర్ కాదు, కరెంటు డిపార్టుమెంటు. ఒక మాట చెప్పకుండా ఉండలేను. ప్లేయర్ జేబులో ఉండగానే వైరు కోసెయ్యడమేనా? ఆ షాపులో కరెంటు పోయిందని మీకెలా తెలుసు?

బెజవాడ_101
@లైన్‌మ్యాన్_గోదారి మెయిన్ తీశామని బయట చెప్పారు అన్నా. అది విని లోపలికి వెళ్ళాం.

లైన్‌మ్యాన్_గోదారి
మెయిన్ తీస్తే వీధి కరెంటు పోతుంది. ఇన్వర్టర్ ఉంటే? అది మెయిన్ పోగానే తనంతట తాను మొదలవుతుంది. జనరేటర్ ఆటోమేటిక్ అయితే అదీ అంతే. మేడ మీద సోలార్ పలకలు ఉంటే, వెలుతురున్నంతసేపూ పలకల నుంచి కిందికి వచ్చే వైర్లలో డీసీ కరెంటు ఉంటూనే ఉంటుంది, కింద స్విచ్చి ఆపినా సరే. మెయిన్ తీశారా అని ఒక్కటే అడక్కండి. ఇన్వర్టర్ ఎక్కడ, జనరేటర్ ఉందా, పైన సోలార్ ఉందా, ఈ మూడూ ఓనర్ని అడగండి.

ఇంకోటి. కొందరు మామూలు ప్లేయర్ పిడికి సైకిల్ ట్యూబు చుట్టుకుని తిరుగుతారు, అదే రక్షణ అనుకుంటారు. ట్యూబు రబ్బర్లో కార్బన్ కలుస్తుంది, దాన్ని ఇన్సులేషన్ అనుకోవద్దు. పిడి మీద రెండు త్రికోణాల గుర్తు, 1000 వోల్టులు అని ఉండాలి. అదున్నా పిడి పగిలితే, తడిస్తే మీకు పనికిరాదు. మీరు నీళ్ళలో నిలబడి పనిచేసేవాళ్ళు.

పంపు_డ్రైవర్
సైకిల్ ట్యూబు నాది. ఇవాళే తీసేస్తున్నాను.

ఓరుగల్లు_లీడింగ్
లైన్‌మ్యాన్ తమ్ముడు చెప్పింది వంద శాతం నిజం. నేను ప్లేయర్ గురించి రాసి, ఎప్పుడు వాడాలో రాయలేదు. తీగ చుట్టుకుంటే మొదటి పని కోత కాదు. ఆగాలి. ముందుకి గుంజితే ఇంకా బిగుస్తుంది. ఒక అడుగు వెనక్కి జరిగి, భుజం దించి, ఈత కొట్టేవాడిలా చేతిని తల పక్క నుంచి వెనక్కి తిప్పితే సగం సార్లు దానంతట అదే జారిపోతుంది. వెనకున్నవాడికి చెప్పాలి, వాడికి కనపడుతుంది, మనకి కనపడదు. కోత చివరిది. సీలింగు పలకల్ని వేలాడదీసే తీగ, ఏసీ డక్టులోని స్ప్రింగు తీగ ఎక్కువగా చుట్టుకునేవి. ఆ స్ప్రింగు తీగ గట్టిది, చవక ప్లేయర్‌తో తెగదు. కొనేముందు పాత డక్టు ముక్క మీద ప్రయత్నించి చూడు.

చార్మినార్_ఫైర్
సార్, ఇక్కడ ఒక్క విషయంలో మీతో కలవను. ప్లేయర్ ఒక్కటి చాలదు. నేను రెండు పెట్టుకుంటాను, కుడి ఒకటి, ఎడమ ఒకటి. చెయ్యి ఇరుక్కుంటే ఛాతీ జేబు దాకా అందకపోవచ్చు.

ఓరుగల్లు_లీడింగ్
పెట్టుకో తమ్మీ, నాకు అభ్యంతరం లేదు. కానీ రెండోది పెడితే ఐదులోంచి ఇంకోటి తీసెయ్. సంఖ్య పెరగనివ్వకు.

దోహా_నైట్‌షిఫ్ట్
జగిత్యాల నుంచి వచ్చి ఇక్కడ ఒక ప్లాంటు ఫైర్ టీములో తొమ్మిదేళ్ళుగా ఉన్నాను. బరువు లెక్క ఒకటి చెప్తాను. 6.8 లీటర్ల బీఏ సిలిండర్ 300 బార్ ఒత్తిడికి నింపితే దాదాపు 2040 లీటర్ల గాలి. నిమిషానికి 40 లీటర్లు పీల్చితే 51 నిమిషాలు అని కాగితం మీద లెక్క. మెట్లు ఎక్కుతూ, హోసు లాగుతూ అయితే ఆ లెక్క ఎక్కడా నిలవదు, నాకు ఆ టైములో సగం కాస్త దాటగానే గాలి అయిపోవస్తోందని విజిల్ మోగిన రోజులు ఉన్నాయి. ఒంటి మీద ప్రతి అర కిలోకీ డబ్బు కాదు, గాలి కడుతున్నాం.

టార్చి సంగతి. హెల్మెట్ మీద ఉంటే పొగలో ఎదురుగా తెల్లగోడ కట్టినట్టు కొడుతుంది, కిందున్న మనిషి కాలు కూడా కనపడదు. ఛాతీ మీద వంపు తల ఉన్న టార్చి పెట్టుకుని నేల వైపు వేయండి. గ్యాస్ లీకు కాల్ అయితే టార్చి బయటే వేసుకుని లోపలికి వెళ్ళాలి, లోపల స్విచ్చి నొక్కకూడదు. ప్రమాదకర గ్యాసులకి సర్టిఫికెట్ ఉన్న టార్చి కొనండి. సెల్‌ఫోన్ టార్చి అసలొద్దు. నీ మూడు టార్చిల డబ్బుతో ఒక్క మంచిది వచ్చేది తమ్ముడూ.

పసుపు ప్లాస్టిక్ తాడు కూడా తీసెయ్. అది 160 డిగ్రీలు దాటితే కరిగిపోయే రకం. నీ నైలాన్ బ్యాగు కూడా 220 దగ్గర్లో కరుగుతుంది, కరిగి చర్మానికి అంటుకుంటుంది. బండిలో పెట్టే సంచి అయితే పర్లేదు, లోపలికి మాత్రం వద్దు.

బీటెక్_ఫైర్_4వ_సెమ్
అయితే బండిలో పెట్టే సంచి దేంతో కుట్టించాలి?

పంపు_డ్రైవర్
మందపాటి కాన్వాసు గుడ్డ. కాలితే మాడుతుంది కానీ కరిగి అంటుకోదు. మా ఊళ్ళో లారీ పట్టాలు కుట్టే ఆయన దగ్గర కుట్టించాను, పెద్ద నోరు, లోపల నాలుగే జేబులు, అడుగున రెండు పొరలు. జిప్పు పెట్టించకండి. మసి, ఇసుక పడితే జిప్పు పట్టేస్తుంది. కొక్కెం వేసి మూసే మూత చాలు. ప్రతి సామానుకీ ఎర్ర టేపు చుట్టాను, నా సొంతం అని తెలియడానికి. డిపార్టుమెంటు సామాను స్టాక్ రిజిస్టర్లో ఉంటుంది, మనది కలిసిపోతే తర్వాత లెక్కలప్పుడు గొడవ. స్టేషన్ ఆఫీసర్‌కి ముందే చెప్పి ఉంచడం మంచిది.

బెజవాడ_101
మీ సంచిలో ఏముంటాయి అన్నా?

పంపు_డ్రైవర్
చిన్న గునపం, రెండడుగులది. అడ్జస్టబుల్ స్పానర్ ఒకటి. ఆరు పళ్ళు మార్చుకునే స్క్రూడ్రైవర్ ఒకటి. గ్యాస్ బండకి పెట్టే మూత రెండు, వాటి రబ్బరు రింగులు పది. నైట్రైల్ గ్లౌజులు. కార్ల కాల్స్‌కి గాజు పగలగొట్టే పంచి, అది పక్క అద్దాలకే, ముందు అద్దం పొరల అద్దం, దాని మీద ఎంత కొట్టినా బీటలే వస్తాయి. ఒక జత పొడి సాక్సులు. సాక్సులు చూసి నవ్వేవాళ్ళు, వర్షాకాలం మూడో కాల్ తర్వాత అడిగి తీసుకున్నారు.

ఓరుగల్లు_లీడింగ్
గునపం కాదు, గడ్డపార.

పంపు_డ్రైవర్
మా దగ్గర గునపమే సార్.

చార్మినార్_ఫైర్
పేరు ఏదైనా షట్టర్ తాళం ఊడొస్తే చాలు, ఇద్దరూ ఒక చెయ్యి వేయండి.

దోహా_నైట్‌షిఫ్ట్
గ్యాస్ మూత మంచి ఆలోచన. కొత్తవాళ్ళ కోసం చెప్తున్నా, అది మంట లేని లీకుకే. 14.2 కిలోల ఇంటి బండకి రెగ్యులేటర్ తీశాక వాల్వు నుంచి కారుతుంటే మూత నొక్కితే ఆగుతుంది. లోపలి రబ్బరు రింగు పోవడం వల్లే చాలాసార్లు కారేది. హోటళ్ళలో ఉండే 19 కిలోల దానికి వాల్వు వేరు, ఈ మూత పట్టదు. వాల్వు దగ్గర మంట మండుతుంటే గ్యాసు ఆపే దారి లేకుండా మంట మాత్రం ఆర్పొద్దు, బండని నీళ్ళతో చల్లబరచండి. మంట ఆరి గ్యాసు కారుతూ ఉంటే గదంతా నిండుతుంది, గాలికంటే బరువు కాబట్టి కిందే పరుచుకుంటుంది.

కూకట్‌పల్లి_లిఫ్ట్_మెకానిక్
ఈ మధ్య ఫైర్ వాళ్ళు కూడా లిఫ్టు తలుపు తెరిచే మూడు పలకల తాళంచెవి జేబులో పెట్టుకుంటున్నారు. పెట్టుకోండి, పిల్లలు ఇరుక్కున్నప్పుడు మేం వచ్చేదాకా ఆగలేరు. కానీ తాళం తిప్పేముందు మెషిన్ రూములో మెయిన్ ఆపించండి, అక్కడ ఒక మనిషిని నిలబెట్టండి. లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగితే దాని కింద గుంత తెరుచుకుని ఉంటుంది. కంగారులో బయటికి దూకిన మనిషి కాలు జారి ఆ సందులోకే పడతాడు. లోపలివాళ్ళకి ముందు మాట చెప్పండి, కూర్చోమనండి. తాళంచెవి కంటే ఆ మాట ముఖ్యం.

నల్లమల_బీటు
మా మంట వేరు కాబట్టి మా సంచీ వేరు. ఫిబ్రవరి నుంచి మే దాకా అడవిలో ఎండుటాకు మోకాలి లోతు ఉంటుంది, బండి రాదు, నీళ్ళు రావు. ఆకులు ఊదే మిషన్ ఒకడు మోస్తాడు, మిగతావాళ్ళు పచ్చి కొమ్మలతో కొడతారు. సంచిలో మొదటిది నీళ్ళు, మనిషికి ఐదు లీటర్లు. తర్వాత కొడవలి, విజిల్, ఉప్పు చక్కెర పొట్లాలు, మెత్తటి నూలు తువ్వాలు. బట్టలు నూలువే. గాలి తిరిగితే ముందే కాల్చి ఉంచిన ఫైర్ లైన్ వైపు పరుగెత్తాలి, అప్పుడు భుజాన ఏదీ ఊగకూడదు. అందుకే సంచి వీపుకి అతుక్కునేది కావాలి, పక్కన వేలాడేది వద్దు. మీరు ఐదు వస్తువులు అన్నారు, మాకు చెంచు వాచరు ఒకాయన ఉన్నాడు, కొడవలి, నీళ్ళ సీసా తప్ప ఏమీ తేడు. దారి ఆయన తలలో ఉంది.

సీతమ్మధార_వదిన
నేను ఫైర్‌మ్యాన్ భార్యని. ఇక్కడ ఎవరూ బ్యాగు ఇంటికి తేవడం గురించి రాయలేదు కాబట్టి రాస్తున్నా. మా ఆయన బ్యాగు స్కూటర్ ముందు పెట్టుకుని వచ్చేవారు, అదే చోట పొద్దున పాప స్కూలు బ్యాగు పెట్టేవారు. ఒకరోజు పాప లంచ్ బాక్సు గుడ్డ తీస్తే నల్లగా మసి, ప్లాస్టిక్ కాలిన వాసన. సబ్బుతో రెండుసార్లు ఉతికినా ఆ వాసన పోలేదు. గుడ్డకే అంత పడితే ఆయన ఒంటికి ఎంత పట్టి ఉంటుందని భయం వేసింది. మీ సామాను సర్దుకునేటప్పుడు ఇది కూడా ఆలోచించండి.

దోహా_నైట్‌షిఫ్ట్
వదినగారూ, మీ భయం ఉత్తది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కిందున్న క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022లో ఫైర్‌ఫైటర్ పనిని క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో చేర్చింది. మా దగ్గర రూలు కచ్చితం. కాల్ అయ్యాక సామాను అక్కడే నీళ్ళతో కడిగి, మురికి సంచి వేరే పెట్టెలో, ఇంటికి ఏదీ వెళ్ళదు. మన స్టేషన్లలో అంత సౌకర్యం లేకపోయినా ఒక బకెట్టు, సబ్బు, బ్రష్షు, గ్లౌజులు చాలు. ప్లేయర్, చెక్క ముక్కలు, పట్టీ అన్నీ కడగాలి. మసి చేతులతో టీ గ్లాసు పట్టుకోకండి.

చార్మినార్_ఫైర్
కాన్వాసు సంచి మసి పీల్చుకుంటుంది కదా, అదొక్కటే దాని లోపం. నేను లోపల తీసి ఉతుక్కునే గుడ్డ వేరే కుట్టించాను.

ఓరుగల్లు_లీడింగ్
మా రోజుల్లో మసి మొహంతో ఇంటికి వెళ్ళడం గొప్పగా ఉండేది. మాతో పనిచేసినవాళ్ళలో ఇద్దరు ఊపిరితిత్తుల జబ్బుతో పోయారు. దేనివల్లో నేను చెప్పలేను. వదిన రాసింది ప్రతి స్టేషన్ నోటీసు బోర్డు మీద పెట్టాలి.

బీటెక్_ఫైర్_4వ_సెమ్
మైనపు క్రేయాన్ ఎందుకో చెప్పలేదు సార్.

ఓరుగల్లు_లీడింగ్
వెతికిన గది తలుపు మీద గీత గీయడానికి తమ్మీ. లోపలికి వెళ్ళేటప్పుడు ఒక అడ్డగీత, బయటికి వచ్చేటప్పుడు దాని మీద ఇంకోటి. లాడ్జీల్లో, హాస్టళ్ళలో ఒకే గదిని ముగ్గురు వెతికి, పక్క గదిని ఎవరూ వెతకకపోవడం జరుగుతుంది. సుద్దముక్క తడిస్తే పోతుంది, మైనం నిలుస్తుంది. తలుపు మధ్యలో కాదు, గడియకి కాస్త కింద గీయి, పాకుతూ వచ్చేవాడి కంటికి అక్కడే ఆనుతుంది.

బెజవాడ_101
అందరికీ ధన్యవాదాలు, పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను. పెద్ద బ్యాగు మా బావకి ఇచ్చేశాను, ఆయనకి ప్లంబింగ్ పని. కాన్వాసు సంచి కుట్టించాను, నాలుగు కిలోలు దాటనివ్వలేదు. ఒంటి మీద ఐదు. హుడ్ తిప్పుకుని ప్రయత్నిస్తే మొదటి రోజు ప్లేయర్ తీయడానికి ఇరవై ఆరు సెకన్లు పట్టింది, నిన్న ఏడు. పట్టీ మాత్రం ఇంకా చిక్కు పడుతోంది, చుట్టి పెడితే జేబులోనే ముడి పడుతుంది.

మొన్న ఒక అపార్టుమెంటు కాల్‌లో చెక్క ముక్క పై బందు దగ్గర పెట్టాను. నలుగురం హోసు లాగాం, తలుపు కదల్లేదు. బయటికొచ్చి చూస్తే అది అక్కడే ఉంది, అంచు మాత్రం నల్లబడింది. ఓనర్ని ఇన్వర్టర్ గురించి అడిగింది కూడా నేనే, మెట్ల కింద ఉందని అప్పుడే చెప్పారు. మా ఆఫీసర్ ఏప్రిల్ 14న మొదలయ్యే అగ్నిమాపక వారోత్సవాల్లో స్కూలు పిల్లలకి చూపించడానికి ఈ సంచి తెమ్మన్నారు.

పట్టీ ఎలా మడతపెట్టాలి సార్?

ఓరుగల్లు_లీడింగ్
చుట్టకు. రెండు చివర్లు కలిపి ముడి వేసి పెద్ద ఉంగరంలా చేసుకో. దాన్ని జేబులోకి కొంచెం కొంచెంగా వేళ్ళతో కుక్కుతూ పో, ఏ వరసా వద్దు. చివర బెత్తెడు బయటికి వదులు. లాగితే నీళ్ళలా వస్తుంది. రేపు ప్రయత్నించి ఎన్ని సెకన్లో ఇక్కడ రాయి.

బెజవాడ_101
నాలుగు సెకన్లు. రెండోసారి మూడు.